తాడు మనిషిని అడగకూడదు

నమోదు 1

గుండె గతి తప్పినప్పుడల్లా రాసి పెట్టమని డాక్టరమ్మ ఆజ్ఞ. ఏం చేస్తుండగా తప్పింది, ఎంతసేపు తప్పింది, అప్పుడు మనసెలా ఉంది, అన్నీ రాయాలట. మనసుతో నీకేం పనమ్మా అంటే, "రాయండి, పనికొస్తుంది," అని నవ్వింది. సరే, రాస్తాను. కానీ ఒకసారి మొదలుపెడితే గుండె దగ్గర ఆగే రకం కాదు నేను. ఆ సంగతి ముందే చెప్పాను, తర్వాత నన్ననొద్దు.

నా పేరు నూకరత్నం. మంచు కింద తవ్వుకున్న మా కొలిమిపేటలో పిలుపు పీట నాది. మంచు మీదికి పనికి వెళ్ళినవాళ్ళకి కింద కూర్చుని మైకులో దారి చెప్పి, ఇంటికి తీసుకురావడం నా పని. పైన మంచు దుమ్ము లేచిందంటే ఎవరి చెయ్యి వాళ్ళకి కనబడదు. అప్పుడు వాళ్ళకున్నవి రెండే, నడుముకి కట్టిన తాడూ చెవిలో నా గొంతూ. ఈ గొంతు అంత తియ్యనిదేం కాదు. అలిసిపోయి కూలబడ్డవాణ్ణి లేపి నడిపించడానికి తియ్యదనం పనికిరాదు, వాడి ముత్తాతల దాకా వెళ్ళి తిట్టాలి.

ఈ రోజు పొద్దున గది గోడ మీద పేరుకున్న మంచు గోకుతుండగా తప్పింది. నీళ్ళు మరిగేటప్పుడు గిన్నె మీద మూత టకటకలాడదూ, అలాగ. గోడ సగంలో వదిలేసి కూర్చున్నాను. అంబలి కాచుకుని తాగేసరికి సర్దుకుంది. మనసెలా ఉంది: చిరాకుగా.

చిరాకెందుకంటే, ఇప్పుడా పీట నాది కాదు. పోయిన నెల ఒక జట్టుని వెనక్కి పిలుస్తుండగా నా నోట్లో మాటలు పోయాయి. 'ఎడమకి తిరగండి' అనాలి. ఎడమ అనే మాట నాకు తెలుసు, నాలిక చివరే ఉంది, కానీ నోరు మాత్రం 'గిన్నె, గిన్నె' అంటోంది. పైన దుమ్ములో నిలబడ్డవాళ్ళు "గిన్నేటమ్మా? ఏ గిన్నె?" అని అడుగుతున్నారు. చివరికి తాళ్ళు లాగి అందర్నీ లోపలికి తెచ్చారు. కాసేపటికి నా మాటలు నాకు తిరిగొచ్చాయి. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను.

నా గుండెలో ఎడమ పై గది కుదురుగా కొట్టుకోవాల్సింది పోయి వణుకుతోందట. వణికే గదిలో రక్తం నిలవుండి చిన్న గడ్డ కట్టి, అది మెదడుకి వెళ్ళి, నా అదృష్టం బాగుండి కరిగిపోయిందట. గడ్డ కట్టకుండా మాత్రలు ఇచ్చారు. గుండె కుదురుకునేదాకా పీట ఎక్కకూడదని పెద్దలు తీర్మానించారు. నా బదులు యంత్రం పిలుస్తోంది. నా మాటలు వినే నేర్చుకుంది కాబట్టి గొంతు నాదే. తిట్టడం మాత్రం దానికి నేర్పలేదు. "దయచేసి లేవండి" అంటుంది. దయచేసి అంటే లేచేవాడెవడు?

నమోదు 4

మధ్యలో రెండూ ఉత్త గుండె లెక్కలే, డాక్టరమ్మకి ఇచ్చేశాను.

ఆవిడ పేరు జులేఖ. వెచ్చటి చోటు నుంచి వచ్చింది, చెట్ల కింద నడిచి పెరిగిన మనిషి. తను వచ్చిన ఓడ మళ్ళీ బయల్దేరేదాకా మాతో ఉంటుంది. మంచి మనిషేగానీ వచ్చిన మొదటి రోజే ఊరంతా గగ్గోలు పుట్టించింది. ఎవరి పిల్లో దణ్ణం పెడితే తల మీద చెయ్యి వేసి, "చల్లగా ఉండు తల్లీ!" అంది. ఆ పిల్ల తల్లి కూతుర్ని లాక్కుపోయి దఢాలున తలుపేసుకుంది. మా ముత్తాతలు శ్రీకాకుళం ఎండల్లో బతికినప్పుడు అది దీవెనేనట. నెత్తి మీద ఇంత మందాన మంచు పెట్టుకుని బతికేవాళ్ళకి అదెక్కడి దీవెన? మేం "వెచ్చగా ఉండు" అంటాం. పట్టరాని కోపమొస్తే ఆవిడన్న మాట అంటాం.

అలాంటి మనిషి నిన్న నన్ను కూర్చోబెట్టి, "రత్నమ్మగారూ, మీ గుండెలో కొంత భాగాన్ని గడ్డకట్టిస్తాను," అంది. నేను మారు మాట్లాడకుండా లేచి ఇంటికొచ్చేశాను.

ఈ రోజు తనే మా గదికి వచ్చింది. అంబలి పోశాను, ఎంత కోపమున్నా అది తప్పదు. తాగుతూ చెప్పింది. ఊపిరితిత్తుల నుంచి గుండె ఎడమ పై గదిలోకి నాలుగు రక్తనాళాలు తెరుచుకుంటాయట. పిచ్చి సంకేతాలు పుట్టేది ఎక్కువగా ఆ నాలుగు గుమ్మాల దగ్గరేనట. తొడ దగ్గరి రక్తనాళంలోంచి కాథెటర్ అనే సన్నటి గొట్టం పైకి పంపి, దాని కొసన ఉన్న బుడగని గుమ్మానికి ఆనించి ఉబ్బించి, అందులోకి గ్యాసు వదిలి చల్లబరుస్తుందట. బుడగ తగిలినంతమేరా కండ గడ్డకట్టి, తర్వాత మచ్చ కడుతుంది. మచ్చ దాటి సంకేతం లోపలికి రాలేదు. గుమ్మం చుట్టూ గిరి గీసినట్టు అన్నమాట.

"ఎంత చల్లగా?" అన్నాను.

"సున్నాకి నలభై, నలభై అయిదు డిగ్రీలు కింద."

మా పైకప్పు మీది చలి ముందు అదొక లెక్క కాదు. కానీ దాన్ని లోపలికి రానివ్వకూడదనే కదా మేం పుట్టిన దగ్గర్నుంచీ గోడలు గోకుతున్నది. నాకు భయమేసింది. ఆ మాట ఆవిడతో అనలేదు, ఇక్కడ రాస్తున్నాను.

గుండె: ఆవిడ ఎదురుగానే తప్పింది. మనసు: పైన చెప్పాను.

నమోదు 6

నిన్న యంత్రం ఒకణ్ణి మూడుసార్లు దయచేసి లేవమంది. వాడు లేవలేదు. తాడు లాగి తెచ్చేసరికి కాలి వేళ్ళు నల్లబడ్డాయి. తీసేశారు. నేను పీట మీద ఉంటే వాడు మొదటి తిట్టుకే లేచేవాడు. అందుకే ఒప్పుకున్నాను. డాక్టరమ్మ కళ్ళు చెమర్చాయి, అది నా ధైర్యం అనుకుంది పాపం.

పెద్దలు ఒక షరతు పెట్టారు. చలిలోకి ఎవరు వెళ్ళినా తాడు మనిషి ఉండాలి, చలి గుండెలోకి వెళ్ళినా అదే కట్టుబాటు అన్నారు. డాక్టరమ్మకి ఇది వివరంగా చెప్పాల్సొచ్చింది. పైకి వెళ్ళే మనిషి నడుముకి కట్టిన తాడు గుమ్మం దగ్గర చక్రం మీంచి లోపలికి వస్తుంది. లోపల ఒకరు దాన్ని పట్టుకుని కూర్చోవాలి. పైనున్నవాళ్ళు నడుస్తూ నడుస్తూ తాడుని ఒకసారి గుంజుతారు. గుంజు తగిలినప్పుడల్లా కింద తాడు మనిషి "ఉంది" అనాలి. అనుమానమొస్తే చక్రం తిప్పి లాగేయవచ్చు. లాగితే ఎంత ముఖ్యమైన పని మధ్యలో ఉన్నా వచ్చేయాల్సిందే. ఎందుకు లాగావని తాడు మనిషిని అడగకూడదు. ఎందుకు లాగలేదనీ అడగకూడదు. అడుగుతారనే భయముంటే చెయ్యి తడబడుతుందని మా పెద్దల లెక్క.

"మంచి కట్టుబాటే," అంది డాక్టరమ్మ. "నాకూ ఒక చెయ్యి కావాలి. కుడివైపు గుమ్మాలని ఆనుకుని ఊపిరి తీయించే నరం పోతుంది. దానికి చలి తగిలితే ఆ పక్క ఊపిరి దెబ్బతింటుంది. అందుకని చల్లబరుస్తున్నంతసేపూ ఆ నరాన్ని చిన్న కరెంటుతో తడుతూ ఉంటాను. తట్టినప్పుడల్లా ఎక్కిళ్ళొచ్చినట్టు పొట్ట ఎగురుతుంది. పొట్ట మీద ఒకరు చెయ్యి వేసి ఉంచాలి. ఎగరడం తగ్గితే 'ఆపు' అనాలి. అన్న క్షణం ఆపేస్తాను."

నా తాడు మనిషి పైడమ్మ. మా ఆయన చెల్లెలు. ఆయన పోయాక కూడా మేమిద్దరం ఒకే గదిలో ఉంటున్నాం. ఆయన ఎర్నాయుడు, కొలిమి నుంచి పైకి వెళ్ళే వేడి గొట్టం మూతి దగ్గర మంచు కొడుతూ, అలిసి అక్కడే కూర్చుని చలికి పోయాడు. ఆ రోజు పిలుపు పీట మీద నేను. తాడు పట్టింది పైడమ్మ. "ఇంకొంచెం," అన్నాడు, ఇద్దరం విన్నాం. ఆ తర్వాత పైడమ్మ లాగింది, లాగేసరికే ఆలస్యమైంది. ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ రోజు నుంచి పైడమ్మ పైకి వెళ్ళలేదు, తాడూ పట్టలేదు.

ఇప్పుడు మాత్రం, "నానుంతాను వొదినా. ఇంకెవుల్నీ పిలవకు," అంది.

నమోదు 7

అయింది. పడుకునే రాస్తున్నాను, తొడ దగ్గర ఒత్తి కట్టిన కట్టు మూలంగా కదలకూడదు.

పూర్తిగా మత్తివ్వలేదు, సగం తెలివిలో ఉంచారు. నా మీద వెచ్చటి దుప్పటి కప్పారు. ఎడమవైపు గుమ్మాలు రెండూ తేలిగ్గా అయిపోయాయి. తేలిగ్గా అని డాక్టరమ్మ అంది. చలి మొదలవగానే నాకు నుదుటి వెనక ఎవరో మేకు దిగ్గొట్టినట్టు నొప్పి పుట్టింది. "ఐస్‌క్రీమ్ గబగబా తిన్నట్టుంటుంది, భయం లేదు," అంది డాక్టరమ్మ.

"అదేటి?" అంది పైడమ్మ.

"చల్లటి తీపి. మేం ఇష్టంగా తింటాం."

"తెలిసి తెలిసి సల్లటిది తింతారేటి!" అంది పైడమ్మ, నిజంగానే జాలిపడుతూ.

కుడివైపుకి వచ్చాక పైడమ్మ చెయ్యి నా పొట్ట మీద పడింది. వెచ్చగా ఉంది. నరాన్ని తట్టడం మొదలైంది. పొట్ట ఎగిరినప్పుడల్లా పైడమ్మ "ఉంది" అంటోంది. ఎవరూ చెప్పలేదు అలా అనమని, చెయ్యి పెట్టగానే ఆ మాట దానంతటదే వచ్చింది. కింది గుమ్మం అయింది. పై గుమ్మం మొదలైంది. "ఉంది... ఉంది..." నొప్పి ఎక్కువై నేను మూలిగాను. పైడమ్మ రెండో చెయ్యి నా వేళ్ళని పట్టుకుంది. "ఉంది," అంది. ఆ తర్వాత ఒక్కసారి గొంతు చించుకుని, "ఆపు! ఆపీ!" అని అరిచింది.

డాక్టరమ్మ ఆపేసింది. బుడగ వెచ్చబడి ఊడొచ్చింది. ఆ గుమ్మం దగ్గర ఇక చెయ్యి పెట్టలేదు. "మంచి పని చేశారు పైడమ్మగారూ, నరం దక్కింది," అంది.

పైడమ్మ నా పొట్ట మీంచి చెయ్యి తీసేసుకుంది. ఒక సంగతి మాత్రం రాయాలో వద్దో తెలియక రాస్తున్నాను. తను 'ఆపు' అన్న తర్వాత కూడా నా పొట్ట ఎగిరినట్టనిపించింది, అంతకు ముందు ఎంత ఎగిరిందో అంతా. మత్తులో ఉన్నాను, నాకనిపించినదానికి విలువేముంది. ఈ ముక్క కొట్టేసి డాక్టరమ్మకి ఇస్తాను.

నమోదు 15

మొదటి మూడు నెలలూ లెక్కలోకి రావట. చల్లబడిన చోట మచ్చ కట్టేదాకా గుండె అప్పుడప్పుడూ చిందులేస్తుంది, కంగారుపడొద్దంది డాక్టరమ్మ. ఈ వారం రెండుసార్లు చిందులేసింది. ఒకటి బట్టలు ఆరేస్తుంటే, ఇంకొకటి ఊరికే కూర్చుంటే. మనసు: పరవాలేదు, ఆశగానే ఉంది.

పైడమ్మ వరస బాగాలేదు. నా వంతు గోడ తనే గోకుతోంది. నా మేజోళ్ళు కొలిమి దగ్గర వెచ్చబెట్టి తెచ్చి తొడుగుతోంది. నాకు చేపముక్క వేసి తను వట్టి అంబలి తాగుతోంది. ఇన్నేళ్ళలో ఈవిడ నాకు ఒక్కసారి మంచినీళ్ళిచ్చిన పాపాన పోలేదు. "ఏటే, నాను సచ్చిపోతానని సెప్పీసిందేటి డాక్టరమ్మ?" అని అడిగాను. నవ్వుతుందనుకున్నాను. మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది.

నమోదు 24

మూడు నెలలూ దాటాయి. నిన్న గుండె తప్పింది, మళ్ళీ సర్దుకోలేదు. పొద్దున్న లేచి కూర్చుంటే గది తిరిగింది.

డాక్టరమ్మ ఛాతీకి తీగలు అంటించి చాలాసేపు చూసింది. మూడు గుమ్మాలూ గట్టిగానే మూసుకున్నట్టున్నాయట. కుడివైపు పై గుమ్మం, సగంలో ఆపేసిన ఆ గుమ్మమే, పిచ్చి సంకేతాల్ని ఇంకా లోపలికి వదులుతోందని ఆవిడ అనుమానం. "మరి దాన్ని మళ్ళీ చల్లబరచరాదూ?" అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "అక్కడ ఒకసారి నరం బలహీనపడింది. అంటే చలి దానికి సూటిగా తగులుతోందన్నమాట. మళ్ళీ వెళితే ఈసారి తిరిగి రాకపోవచ్చు. ఈ పల్చటి గాలిలో సగం ఊపిరితో మిమ్మల్ని వదిలి నేను ఓడెక్కలేను."

పీట సంగతి అడిగాను. పెద్దలకి తను అబద్ధం చెప్పలేనంది. యంత్రాన్నే ఉంచేస్తారట. నా గొంతు అక్కడ దయచేసి దయచేసి అంటూ ఉంటుంది, నేనిక్కడ గోడలు గోకుతూ దాన్ని వింటూ ఉంటాను. మనసెలా ఉంది అని రాయాలి కదా. నాకు పిచ్చి కోపంగా ఉంది. ఎవరి మీదో కూడా తెలుసు.

నమోదు 25

కట్టుబాటు తప్పాను. రాసి పెడుతున్నాను, ఎవరైనా శిక్ష వేస్తే వేసుకోనీ.

పైడమ్మ గోడ గోకుతోంది. నేను మంచం మీద కూర్చుని ఉన్నాను. మంచు పొడి నేల మీద రాలుతోంది. ఆ చప్పుడు కాసేపు విన్నాను, ఇక పట్టలేకపోయాను.

"పైడీ. ఆ రోజు ఎందుకు లాగీసినావు?"

గోకుడు ఆగింది. ఆ ప్రశ్న మా ఊళ్ళో ఒకరు ఇంకొకర్ని అడగడం నేను ఎప్పుడూ వినలేదు.

"అదడక్కూడదు వొదినా."

"తెల్సు. అడుగుతన్నాను. నా కడుపు ఎగురుతానే ఉంది. నాకు తెలిసింది. నీ సేతికి తెలీలేదేటి?"

పైడమ్మ నా వైపు తిరగలేదు. గోడకే చెప్పింది. "తెలిసింది. ఎగురుతానే ఉంది."

"మరి?"

"నీ యేళ్ళు సల్లబడిపోనాయి వొదినా. ఈ సేత్తో పట్టుకున్నాను గదా, సల్లగా అయిపోనాయి. నువ్వు మూలిగినావు. ఆ డాక్టరమ్మ సూస్తే, ఇంకొంచెం, ఇంకొంచెం అంతంది." మళ్ళీ గోకడం మొదలుపెట్టి ఆపేసింది. "అన్నియ్య కూడా అదే అన్నాడు గదా. నానాగినాను. తాడు కదుల్తంది, ఉంది ఉంది అన్నాను. మరింక కదల్లేదు. ఇంకో పాలి ఆగలేను వొదినా, సంపినా ఆగలేను."

నా కోపం ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. మంచం దిగి వెళ్ళి తన పక్కన నిలబడ్డాను.

"ఆ రోజు లాగనందుకు నన్నెవులూ అడగలేదు," అంది పైడమ్మ. "నువ్వూ అడగలేదు. అడిగుంటే సెప్పుకుందును. తిట్టుంటే పడుందును. అందరికీ నోరు పెట్టుకు తిడతావు, నన్నొక్కదాన్నీ తిట్టలేదు."

"ఇప్పుడడగమంతావేటి?"

"ఇప్పుడొద్దు," అంది. "ముందు డాక్టరమ్మకి సెప్పీసొద్దాం పద."

నమోదు 26

డాక్టరమ్మకి అంత కోపం వస్తుందని నేననుకోలేదు. పైడమ్మ చెప్పినంతసేపూ విని, చివరికి, "నరం పోతోందనే కదా మీరు 'ఆపు' అన్నారు అనుకున్నాను! మీ మాట నమ్మి ఈవిడకి ఇక వైద్యం లేదని చెప్పాను!" అని కేకలేసింది. పైడమ్మ తల దించుకుని నిలబడింది. నాకు చూస్తూ ఊరుకోబుద్ధి కాలేదు.

"నువ్వు అడగలేదు గదమ్మా," అన్నాను. "ఏం తెలిసిందని అడిగితే చెప్పి ఉండేది. మా కట్టుబాటు నీకూ అంటుకుంది."

ఆవిడ కాసేపు అటూ ఇటూ తిరిగింది. తర్వాత కూర్చుని నా ఊపిరి మళ్ళీ కొలిచింది, పొట్ట కుడి పక్కన చెయ్యి పెట్టి గట్టిగా ఊపిరి పీల్చమంది, దగ్గమంది. ఏ లోపమూ లేదు. నరానికి అసలు ఏమీ కాలేదు కాబట్టి ఆ గుమ్మం దగ్గరికి మళ్ళీ వెళ్ళవచ్చంది. ఓడ బయల్దేరేలోపే చెయ్యాలి. గ్యాసు కూడా ఒక్క గుమ్మానికి సరిపడా మిగిలింది.

"ఈసారి పొట్ట మీద చెయ్యి ఎవరిది?" అంది.

"ఈవిడదే," అన్నాను.

"రత్నమ్మగారూ, మళ్ళీ భయపడి ఆపేస్తే ఇంకో అవకాశం లేదు. భయపడి ఆపకపోతే మీ ఊపిరి పోతుంది. వేరే ఎవరినైనా..."

"నాకు వేరే చెయ్యి అలవాటు లేదమ్మా."

పైడమ్మ తలెత్తి నన్ను చూసింది. "నీకు మతి పోనాది వొదినా," అంది.

నమోదు 27

మళ్ళీ పడుకునే రాస్తున్నాను.

ముందు మిగతా మూడు గుమ్మాలనీ లోపలి నుంచి పరీక్షించి చూశారు, మూడూ గట్టిగానే ఉన్నాయి. తర్వాత బుడగ నాలుగో గుమ్మానికి వెళ్ళింది. నరాన్ని తట్టడం మొదలైంది. పైడమ్మ అరచెయ్యి నా పొట్ట మీద ఉంది. ఈసారి నా వేళ్ళని పట్టుకోలేదు. రెండో చేతిని తన నడుం వెనక్కి పెట్టుకుంది, వేళ్ళు చల్లబడడం తనకి తెలియకూడదని. ఆ ఏర్పాటు తనే ఆలోచించుకుంది.

గ్యాసు వదలబోయే ముందు నా చెవి దగ్గరికి వంగి, "సల్లగుండొదినా," అంది. నాకు నవ్వొచ్చింది. డాక్టరమ్మ కదలొద్దని కసిరింది.

చలి మొదలైంది. నుదుట్లో మేకు దిగింది. మూలగకూడదని పళ్ళు బిగించాను. నేను మూలిగితే పైడమ్మ ఆపేస్తుంది. అలాగని బొత్తిగా చప్పుడు చెయ్యకపోతే అసలు ఉన్నానో లేనో అని భయపడుతుంది. ఏం చెయ్యాలో తోచక తిట్టడం మొదలుపెట్టాను. ముందు యంత్రాన్ని తిట్టాను, తర్వాత పెద్దల్ని, తర్వాత ఐస్‌క్రీమ్ తినేవాళ్ళందర్నీ. మత్తులో మాట ముద్దగా వచ్చింది, అయినా తిట్టాను.

"ఉంది," అంటోంది పైడమ్మ. "ఉంది. ఉంది."

డాక్టరమ్మ, "నలభై దాటింది. ఇంకొంచెం," అంది.

ఆ మాటకి పొట్ట మీద చెయ్యి బిగుసుకుంది. నాకు తెలిసింది. నేను తిట్టడం ఆపేశాను. నాకు చచ్చేంత భయమేసింది, ఇప్పుడు 'ఆపు' అంటుంది, అంతా అయిపోతుంది అనుకున్నాను.

పొట్ట ఎగిరింది.

"ఉంది," అంది పైడమ్మ. ఏడుస్తోంది. కన్నీళ్ళు నా మీది దుప్పటి మీద పడుతున్నాయి. "ఉంది. ఉంది వొదినా. ఉంది."

అలా అంటూనే ఉంది. గ్యాసు ఆపేశాక, బుడగ వెచ్చబడ్డాక, డాక్టరమ్మ "ఇక చాలు పైడమ్మగారూ, అయిపోయింది," అన్నాక కూడా ఇంకా కాసేపు అంది.

నమోదు 44

ఓడ వెళ్ళిపోయింది. ఈ నమోదులు ఇక చూసేవాళ్ళు లేరు. అలవాటైపోయి రాస్తున్నాను.

చిందుల నెలలు దాటిపోయాయి. గుండె కుదురుగానే ఉంది. పీట నాకు తిరిగిచ్చారు, మాత్రలు మానకూడదనే షరతు మీద. మొదటి రోజు ఒక జట్టుని పైనుంచి తిట్టి తెచ్చాను. లోపలికి వచ్చాక వాళ్ళలో ఒకడు నా కాళ్ళకి దణ్ణం పెట్టాడు. డాక్టరమ్మ వెళ్ళేటప్పుడు మా గుమ్మం దగ్గర ఆగి, ఏ దీవెన ఇవ్వాలో తెలియక నోరు తెరిచి మూసేసింది. "నీకు తెలిసిందే అను," అంది పైడమ్మ. అంది. చల్లగా ఉండమన్నా మేం తలుపేసుకోలేదు.

ఈ రోజు పీట నాది కాదు, తాడు నాది. వేడి గొట్టం మూతి దగ్గర మళ్ళీ మంచు పేరుకుంది. కొట్టడానికి ఎవరు వెళతారని అడిగితే పైడమ్మ చెయ్యెత్తింది. ఆ చోటే. తను పైకి వెళ్ళి ఎన్నేళ్ళయిందో అందరికీ తెలుసు, ఎవరూ ఏమీ అనలేదు. తన నడుముకి ముడి నేనే వేశాను.

చక్రం దగ్గర కూర్చున్నాను. గుంజు తగిలినప్పుడల్లా "ఉంది" అన్నాను. తను మూతి దగ్గరికి చేరింది, మంచు కొట్టింది, పని అయిపోయింది. తిరిగొచ్చే వేళయింది. రాలేదు. చెవిలో తన గొంతు వినబడింది.

"ఇంకొంచెం, వొదినా."

నా రెండు చేతులూ చక్రం మీదికి వెళ్ళాయి. లాగేస్తే నన్నడిగేవాళ్ళు లేరు. గట్టిగా ఒక్క తిప్పు తిప్పితే చాలు, లోపలికి వచ్చేస్తుంది. అక్కడ ఏం చేస్తోందో నాకు తెలుసు. వాళ్ళన్నయ్య కూర్చున్న చోట కూర్చుంది. ఎర్నాయుడు కళ్ళముందుకొచ్చాడు.

తాడు గుంజింది.

"ఉంది," అన్నాను.

మళ్ళీ గుంజింది. మళ్ళీ అన్నాను. చక్రం మీంచి చేతులు తీసి తాడు మీద వేశాను. అలా చాలాసేపు కూర్చున్నాం, పైన తనూ కింద నేనూ. అప్పుడు తనే లేచింది. తాడు వదులై, నెమ్మదిగా లోపలికి రావడం మొదలుపెట్టింది.

లోపలికొచ్చి టోపీ తీసింది. కనుబొమల మీద మంచు ఉంది. తుడుచుకోకుండా నా ఎదురుగా నిలబడి, అందరూ వింటుండగానే అడిగింది.

"ఎందుకు లాగలేదొదినా?"

గుమ్మం దగ్గరున్నవాళ్ళంతా నోళ్ళు వెళ్ళబెట్టారు. తను అడుగుతున్నది ఈ రోజు సంగతి ఒక్కటే కాదని నాకు తెలుసు. ఇన్నేళ్ళూ తనని ఎవరూ అడగని ప్రశ్న అది. అడిగి ఉంటే తనేం చెప్పేదో అదే చెప్పాను.

"ఉన్నావు గదే," అన్నాను. "తాడు కదుల్తానే ఉంది. ఉన్నావు, అందుకే లాగలేదు."

పైడమ్మ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. నేను పక్కన కూర్చుని తన కనుబొమల మీది మంచు తుడిచాను. నా గుండె ఎలా ఉందో చూసుకోవడం ఈ రోజు మరిచిపోయాను.